పాయింట్లతో డల్లాస్ దాకా వెళ్లొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. మావారు రిటైరై మూడేళ్లయింది, పెన్షన్ వస్తుంది. సొంతిల్లే. అమ్మాయి, అల్లుడు డల్లాస్‌లో ఉంటారు. మే నెలాఖరుకి అమ్మాయికి డెలివరీ. మా ఇద్దరికీ వీసాలున్నాయి. నెల ముందే వెళ్లి, అయిదు నెలలు ఉండి వద్దామనుకుంటున్నాం. ఇంకా మూడు నెలల పైనే టైముంది. బ్యాంకులో ఒకమ్మాయి "ఈ కార్డు తీసుకోండి ఆంటీ, పాయింట్లతో టికెట్లు ఫ్రీగా వచ్చేస్తాయి" అంటోంది. ఏడాదికి పదివేలు ఫీజట. మా అల్లుడు కూడా పాయింట్లతోనే ఇండియా వచ్చి వెళ్లానంటాడు. పక్కింటి అబ్బాయేమో ఫోనులో ఏవో చూపించి, అర్ధరాత్రి వెతికితే టికెట్లు తక్కువకి దొరుకుతాయన్నాడు. మా ఇంటి ఖర్చు నెలకి 40 వేల దాకా ఉంటుంది. ఏ కార్డు తీసుకోమంటారు, ఏ యాప్ వాడమంటారు? కార్డు మావారి పేరు మీద తీసుకోవాలా, నా పేరు మీదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, యాప్‌ల సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్క వేద్దాం. నెలకి 40 వేలన్నారు. అందులో పాలు, కూరగాయలు, పనమ్మాయి జీతం కార్డుతో ఇచ్చేవి కావు. కరెంటు బిల్లు కార్డుతో కట్టినా చాలా బ్యాంకులు దానికి పాయింట్లు ఇవ్వవు, ఇచ్చినా నామమాత్రమే. ఇవన్నీ పోను కార్డు మీదికి వచ్చేది 25 వేలుంటే గొప్ప. ఏడాదికి మూడు లక్షలు. వందకి రెండు రూపాయలు గిట్టే కార్డంటే మన దగ్గర మంచి కార్డే. అలా చూసినా ఏడాదికి వచ్చేది ఆరువేలు. పదివేల ఫీజు మీద 18 శాతం జీఎస్టీ కలిపితే మీరు కట్టేది 11,800. మొదటి ఏడాది ఫీజుకి సమానంగా బోనస్ పాయింట్లు ఇస్తామని ఆ అమ్మాయి చెప్పొచ్చు. సరే, ఫీజు మాట మరిచిపోదాం. ఇద్దరికీ రానూపోనూ టికెట్లు రెండున్నర లక్షలు అనుకుంటే, ఏడాదంతా కూడబెట్టిన ఆ ఆరువేలు నెల్లూరు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకి కారు కిరాయికి సరిపోతాయి. మీకున్నది మూడు నెలలే.

కాబట్టి ఈ ప్రయాణం వరకు ఆ కార్డుని పక్కన పెట్టేయండి. ఎప్పటికైనా కార్డు తీసుకునేటట్లయితే మాత్రం ఆ అమ్మాయిని ఒక్క మాట అడగండి: పాయింటుకి ఎన్ని పైసలు, దేనికి వాడుకుంటే ఎన్ని? ఎన్ని పాయింట్లు వస్తాయో అందరూ చెబుతారు, దీనికి మాత్రం తడుముకుంటారు. 150 రూపాయలకి 4 పాయింట్లు ఇచ్చే కార్డు ఉందనుకోండి. 25 వేలు గీకితే 660 పాయింట్ల చిల్లర వస్తాయి. బ్యాంకు సొంత సైటులో ఫ్లైట్ టికెట్‌కి వాడితే పాయింటు రూపాయి చేస్తే మీకు దక్కేది 660 రూపాయలు. అదే పాయింటుకి అర్ధరూపాయే కడితే 330. "నాకు ఫ్లైటూ వద్దు, ఏమీ వద్దు, బిల్లులో తగ్గించండి" అంటే 20 పైసలు కట్టేవాళ్లూ ఉన్నారు, అప్పుడు 130. కార్డు అదే, ఖర్చూ అదే. పైగా 150కి 4 అన్నప్పుడు 149 రూపాయల కొనుగోలుకి సున్నా, 290కి నాలుగే. చిన్న చిన్న బిల్లుల్లో ఇలా జారిపోయేది లెక్కలోకే రాదు.

మీ అల్లుడు గొప్పలు చెప్పాడని అనుకోకండి, అతని మాట నిజమే. కాకపోతే అక్కడి కార్డుల వ్యవహారం వేరు. మనం కార్డు గీకినప్పుడు షాపువాడు బ్యాంకులకి కొంత ముట్టజెప్పుకుంటాడు, పాయింట్లన్నీ పుట్టేది ఆ డబ్బులోంచే. యూరప్‌లో క్రెడిట్ కార్డుల మీద కార్డిచ్చిన బ్యాంకు తీసుకునే ఆ వాటాని 2015లో 0.3 శాతానికి కట్టేశారు, దాంతో అక్కడ పాయింట్లు చిక్కిపోయాయి. అమెరికాలో క్రెడిట్ కార్డులకి అలాంటి కట్టడి లేదు. అందుకే మూడు నెలల్లో కొన్ని వేల డాలర్లు ఖర్చుపెడితే 60 వేలు, అంతకు పైన కూడా పాయింట్లు ఒక్కసారే ఇచ్చేస్తారు. మన దగ్గర రోజువారీ ఖర్చంతా యూపీఐ మీద నడుస్తోంది. బ్యాంకు ఖాతా నుంచి వెళ్లే యూపీఐకి 2020 జనవరి నుంచి షాపువాడు కట్టేది సున్నా. అక్కడ ఏమీ పుట్టదు, ఎవరికీ ఏమీ రాదు.

మీకు పాయింట్లతో టికెట్ వచ్చే దారంటూ ఉంటే అది నెల్లూరు బ్యాంకులో లేదు, మీ అల్లుడి దగ్గరే ఉంది. కార్డు పాయింట్లతో తీసే టికెట్ సాధారణంగా ఎవరి పేరు మీదైనా తీయొచ్చు, అత్తమామల పేరు మీద భేషుగ్గా తీయొచ్చు. అతన్ని అడగాల్సింది "నీ దగ్గర పాయింట్లు ఎన్ని" అని కాదు, "ఏ బ్యాంకువి" అని. చేజ్ బ్యాంకువైనా, అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌వైనా వాటిని ఎయిర్ కెనడా వాళ్ల పాయింట్ల పథకం ఏరోప్లాన్‌లోకి మార్చుకునే వీలుంది. ఏరోప్లాన్ పాయింట్లతో ఎయిర్ కెనడానే కాదు, అదే కూటమిలో ఉన్న లుఫ్తాన్సా, యునైటెడ్, ఎయిరిండియా సీట్లు కూడా కొనొచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఖతార్ ఎయిర్‌వేస్ రెండూ ఏవియోస్ అనే పాయింట్లే వాడతాయి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చుకోవచ్చు. చెన్నై, దోహా, డల్లాస్ దారికి అవి పనికొస్తాయి. ఏ తేదీకి పాయింట్ల సీటు ఖాళీ ఉందో వెతకడానికి సీట్స్ డాట్ ఏరో, పాయింట్ డాట్ మీ అనే సైట్లున్నాయి. ఈ వెతుకులాట మీరు పెట్టుకోకండి, అతనికే వదిలేయండి. రెండు జాగ్రత్తలు మాత్రం అతనికి గుర్తుచేయండి. బ్యాంకులోంచి ఎయిర్‌లైన్‌లోకి మార్చిన పాయింట్లు వెనక్కి రావు. అందుకని ముందు ఎయిర్‌లైన్ సైటులోనే ఆ రెండు సీట్లూ కళ్లారా చూసి, ఆ తర్వాతే మార్చాలి. వెతికే సైట్లు ఒక్కోసారి ఎప్పుడో అయిపోయిన సీట్లని కూడా చూపిస్తాయి. రెండోది, పాయింట్ల టికెట్ అంటే పూర్తిగా ఉచితం కాదు. పన్నులు కట్టాలి. లండన్ మీదుగా వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కి సర్‌చార్జీ బాగా ఎక్కువ, ఏరోప్లాన్‌లో ఆ సర్‌చార్జీ వెయ్యరు.

పోయేది పాయింట్లతో, వచ్చేది డబ్బుతో అని కూడా అతను అనొచ్చు. పాయింట్లకైతే ఒకవైపు టికెట్ తేలికే. డబ్బు పెట్టి కొనే అంతర్జాతీయ టికెట్లలో మాత్రం ఒకవైపు ధర చాలాసార్లు రానూపోనూ ధరలో సగం కంటే బాగా ఎక్కువే ఉంటుంది. కలిపి చూసి గిట్టితేనే ఒప్పుకోండి.

అతని దగ్గర పాయింట్లు లేవనుకుందాం, ఉన్నా ఆ తేదీలకి సీట్లు దొరకలేదనుకుందాం. అప్పుడు మిగిలేది మామూలుగా డబ్బు పెట్టి కొనడం. నిజం చెప్పాలంటే మీకు వేలల్లో మిగిలే అవకాశం ఉన్నది ఇక్కడే, దానికి ఏ కార్డూ అక్కర్లేదు. గూగుల్ ఫ్లైట్స్ ఒక్కటి చాలు. బయల్దేరే ఊరు దగ్గర చెన్నై ఒక్కటే కాకుండా బెంగళూరు, హైదరాబాద్ కూడా ఒకే పెట్టెలో వెయ్యండి. మూడింటి ధరలూ పక్కపక్కనే వస్తాయి. నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గర. కాబట్టి బెంగళూరు నుంచి మనిషికి నాలుగైదు వేలు తక్కువ చూపించినా కారు ఖర్చు, హోటల్లో ఒక రాత్రి కలిపి చూస్తే ఆ తేడా మిగలదు. పదిహేను వేలుంటే ఆలోచించండి. తర్వాత తేదీలున్న చోట పట్టికలాంటిది ఒకటుంటుంది, దాన్ని తెరవండి. ఏ రోజు పోయి ఏ రోజు వస్తే ఎంతో గళ్లుగళ్లుగా కనిపిస్తుంది. మీకు ఏప్రిల్ మూడో వారం అయినా నాలుగో వారం అయినా ఒకటే కదా. అందులో తక్కువ గడి ఏదో చూసి, ఆ ప్రయాణానికి ధరల ట్రాకింగ్ ఆన్ చేసుకుంటే ధర తగ్గినప్పుడూ పెరిగినప్పుడూ మెయిల్ వస్తుంది. ఇప్పుడున్న ధర ఈ దారిలో మామూలుగా ఉండేదానికంటే ఎక్కువా తక్కువా అన్నది కూడా అదే చెబుతుంది. తక్కువ అని చూపించిన రోజు ఇంకా తగ్గుతుందేమోనని ఆగకండి. స్కైస్కానర్ కూడా ఒకసారి చూస్తే చూడండి, అందులో నెల మొత్తం ధరలు ఒకేసారి కనిపిస్తాయి. మూడో యాప్ మాత్రం వద్దు. ఎక్కువైతే అయోమయమే.

పక్కింటి అబ్బాయి అర్ధరాత్రి సిద్ధాంతం గురించి. విమానంలో ఒకే వరసలో కూర్చున్న ఇద్దరు వేరువేరు ధరలు కట్టి ఉంటారు. ఎకానమీ సీట్లనే ఎయిర్‌లైన్ లోపల్లోపల కొన్ని తరగతులుగా విడగొడుతుంది, ఒక్కో తరగతికి ఒక్కో ధర. తక్కువ ధరవి అయిపోతే తర్వాతి తరగతి తెరుచుకుంటుంది. ధర మారేది అందుకు, మీరు అదే పేజీని ఎన్నిసార్లు తెరిచారో చూసి కాదు. ఇందులో మీకు పనికొచ్చే కిటుకు ఒకటుంది. తక్కువ ధర సీటు ఒక్కటే మిగిలినప్పుడు మీరు ఇద్దరికి వెతికితే ఇద్దరికీ పై ధరే చూపిస్తుంది. అందుకని ముందు ఒక్కరికి వెతికి ధర చూడండి, తర్వాత ఇద్దరికి. మనిషికి పడే ధరలో తేడా వస్తే సంగతి అదే. విడివిడిగా కొనొచ్చు, కానీ బుకింగులు రెండవుతాయి. విమానం రద్దయితే మిమ్మల్ని ఒక దాంట్లో, వారిని ఇంకో దాంట్లో ఎక్కించే ప్రమాదం ఉంది. తేడా బాగా ఉంటే తప్ప మీ వయసు వాళ్లకి నేను ఒకే బుకింగు చేయమంటాను.

ధర బాగా తక్కువగా కనిపిస్తే రెండు విషయాలు చూడండి. టికెట్ ఒకటేనా, లేక రెండు వేరువేరు టికెట్లని అతికించి ఒకటిగా చూపిస్తున్నారా? సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటివి కొంటే మధ్యలో దిగిన ఊళ్లో మీ పెట్టెలు మీరే తీసుకుని, బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేసుకోవాలి. బయటికి రావాలంటే చాలా దేశాల్లో అక్కడి వీసా కావాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే అడిగేవాడుండడు. గోంగూర పచ్చడి, సున్నిపిండి, కాయం, బాలింత పథ్యం పొడులు సర్దుకున్న నాలుగు పెట్టెలతో ముక్కూమొహం తెలియని ఎయిర్‌పోర్టులో ఆ అవస్థ మీకొద్దు. చెన్నైలో వేసిన పెట్టె మళ్లీ అమెరికాలోనే కనబడాలి. రెండో విషయం, ఆ ధరలో పెట్టెలు ఎన్ని? అమెరికా దారిలో మనిషికి 23 కిలోలవి రెండు ఇవ్వడం మామూలే గానీ, మరీ చౌక టికెట్లలో ఒకటే ఉండొచ్చు. రెండో పెట్టెకి విడిగా కట్టాల్సింది కలిపాక చౌక ఎంత చౌకో తెలుస్తుంది.

డల్లాస్ దాటి ఇంకేదో ఊరికి టికెట్ తక్కువుంది, కొనుక్కుని డల్లాస్‌లో దిగిపోండి అని చెప్పేవాళ్లూ తగలొచ్చు. స్కిప్‌లాగ్డ్ అనే సైటు నడిచేదే దాని మీద. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వాళ్లు కోర్టుకెక్కి 2024లో దాని మీద 94 లక్షల డాలర్లకి తీర్పు తెచ్చుకున్నారు. కోర్టు గొడవ మనకెందుకు గానీ, పెట్టెలు చివరి ఊరికి వెళ్లిపోతాయి, మధ్యలో దిగిపోయారని తిరుగు టికెట్ కూడా రద్దు చేసేస్తారు. మీకు పనికిరాదు.

వెతకడం ఎక్కడ వెతికినా కొనడం మాత్రం ఎయిర్‌లైన్ సొంత సైటులోనే కొనండి. బుకింగ్ సైటులో రెండువేలు తక్కువ కనిపిస్తే ఆఖరి పేజీ దాకా వెళ్లి చూడండి, కన్వీనియెన్స్ ఫీజు కలిశాక చాలాసార్లు ఆ తేడా ఉండదు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకలా, టికెట్‌లో ఇంకోలా పడిందనుకోండి, మన తెలుగువాళ్లకి ఇది మామూలే, దాన్ని సరిచేయించుకోవడానికి మధ్యలో ఏజెంటు లేకపోతేనే సుఖం. అమెరికా వెళ్లే, అమెరికా నుంచి వచ్చే విమానాలకి అక్కడి రవాణా శాఖ నిబంధన ఒకటుంది. ప్రయాణానికి కనీసం 7 రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ని 24 గంటల్లో రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు వెనక్కి ఇవ్వాలి, లేదా కొనకుండానే ఆ ధరకి 24 గంటలు ఆపి ఉంచాలి. రెంటిలో ఏది ఇస్తున్నారో కొనే ముందు చూసుకుంటే, పేరు తప్పుపడినా తేదీ తప్పుపడినా ఒక రోజు వెసులుబాటు ఉంటుంది.

సైటు కూడా ఇండియాది, ధర రూపాయల్లో ఉండేలా చూసుకోండి. డాలర్లలో కడితే చాలా కార్డుల మీద మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం అదనంగా పడుతుంది. రెండున్నర లక్షల మీద పదివేల పైమాటే. డల్లాస్ వెళ్లాక వాల్‌మార్ట్‌లో మన కార్డు గీకినా ఇదే బాదుడు. అక్కడ మెషీన్ రూపాయలా డాలర్లా అని అడిగితే డాలర్లే నొక్కండి, రూపాయలంటే వాళ్ల మారకం రేటు ఇంకా దారుణంగా ఉంటుంది. నో కాస్ట్ ఈఎంఐ అని ఊరించినా పడకండి. వడ్డీని డిస్కౌంట్‌గా ఇస్తారు, ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ దగ్గరే వసూలు చేస్తారు. పెన్షన్ డబ్బు చేతిలో ఉన్నవాళ్లకి అదెందుకు.

ఇన్ని వందలు, వేలు లెక్కపెట్టిన నేను ఒకచోట మాత్రం ఎక్కువ పెట్టమంటాను. తిరుగు ప్రయాణం తేదీ మార్చుకోవడానికి తక్కువ రుసుము ఉండే టికెట్ తీసుకోండి. డెలివరీ ముందుకో వెనక్కో జరగొచ్చు, అమ్మాయి "ఇంకో నెల ఉండమ్మా" అనొచ్చు, మీవారు "ఇంక చాలు, ఇంటికి పోదాం" అనొచ్చు. అన్నిటికంటే చౌక టికెట్‌లో ఆ మార్పుకి కట్టేది ఇంతసేపూ మిగిల్చినదాన్ని మించిపోతుంది. తేదీ మార్చినా అక్కడి ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చిన గడువు దాటకుండా చూసుకోండి.

ఇక కార్డు. మీలాంటి ఖర్చుకి పాయింట్ల కార్డు కంటే నేరుగా డబ్బు వెనక్కిచ్చే క్యాష్‌బ్యాక్ కార్డు నయం. పాయింటుకి ఎన్ని పైసలన్న ప్రశ్నే ఉండదు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకి ఏడాది ఫీజు లేదు. అమెజాన్‌లో ప్రైమ్ ఉన్నవాళ్లకి 5 శాతం, లేనివాళ్లకి 3, మిగతా చాలాచోట్ల 1 శాతం. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ కొనుగోళ్లకి 5 శాతం అంటుంది గానీ దానికి నెలవారీ పరిమితి, వర్తించనివాటి జాబితా ఉన్నాయి. ఈ షరతులు మారుతుంటాయి, తీసుకునే రోజు బ్యాంకు సైటులో చదువుకోండి. ఏ ఖర్చుకి ఏ కార్డు గీకాలో చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. ఏడెనిమిది కార్డులున్న వాళ్లకి అవి పనికొస్తాయేమో. ఒక్క కార్డుకి యాప్ దేనికి? పైగా వాటిలో కొన్ని మీ ఎస్సెమ్మెస్‌లన్నీ చదివే అనుమతి అడుగుతాయి, ఓటీపీలు వచ్చేదీ ఆ ఎస్సెమ్మెస్‌లలోనే కదా. వాట్సాప్‌లో "మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రితో ముగుస్తాయి, ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేసుకోండి" అని బ్యాంకు బొమ్మతో మెసేజి వస్తే అది పాయింట్ల కోసం కాదు, మీ ఖాతా కోసం. ముట్టుకోకండి. పొరపాటున ముట్టుకుంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఎవరి పేరు మీదన్నారు. రిటైరైనవాళ్లకి కొత్త కార్డు ఇవ్వడానికి బ్యాంకులు వయసు, ఆదాయం చూసి వెనకాడతాయి. మీ పేరు మీదైతే ఆదాయం చూపించమంటారు. ఈ తిరుగుడంతా లేకుండా, ఇప్పటికే ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కార్డు ఇమ్మని అడగండి. డిపాజిట్ మీద వడ్డీ ఎప్పట్లాగే వస్తుంది, అందులో కొంత శాతం కార్డు లిమిట్‌గా ఇస్తారు. మీవారి పేరు మీద అసలు కార్డు, మీకు దాని మీదే యాడ్ ఆన్ కార్డు తీసుకుంటే సరిపోతుంది. మీరు గీకినదానికీ బాధ్యత వారిదే అవుతుంది, ఆ మాట ముందే వారితో చెప్పుకోండి. కార్డు చేతికి రాగానే ఆటో డెబిట్ పెట్టించండి. అక్కడ మినిమమ్ డ్యూ (కనీసం కట్టాల్సింది), టోటల్ డ్యూ (మొత్తం బిల్లు) అని రెండుంటాయి, రెండోదానికే పెట్టించాలి. మినిమమ్ కడుతూ పోతే మిగతాదాని మీద ఏడాదికి 40 శాతం దాటిన వడ్డీ పడుతుంది. 30 శాతం మించకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది, కాబట్టి ఆ ఆసరా కూడా లేదు. డల్లాస్‌లో ఉండే అయిదు నెలలూ బిల్లు దానంతటదే ఇక్కడి ఖాతాలోంచి పోతుంది. బయల్దేరే ముందు ఆ ఖాతాలో సరిపడా డబ్బుందో లేదో, బ్యాంకులో ఇచ్చిన ఫోన్ నంబరుకి అక్కడ ఓటీపీ వచ్చేలా రోమింగ్ ఉందో లేదో చూసుకోండి.